'పవర్' డాక్యుమెంటరీ చూశాక ఒక సందేహం: 1975లో క్రీలు సంతకం పెట్టడం ఓటమేనా?

గోదారిగాలి:

అందరికీ నమస్కారం. మాంట్రియల్ వచ్చి ఆరేళ్లయింది. పోయిన శనివారం రాత్రి 'పవర్' అనే డాక్యుమెంటరీ చూశాను. మాగ్నస్ ఐజాక్సన్ 1996లో తీసింది. ఉత్తర క్యుబెక్‌లో గ్రేట్ వేల్ నది మీద హైడ్రో-క్యుబెక్ (ఇక్కడి ప్రభుత్వ కరెంటు సంస్థ) కట్టాలనుకున్న జలవిద్యుత్ ప్రాజెక్టును అక్కడి క్రీ ఆదివాసీలు ఐదేళ్లు పోరాడి ఎలా ఆపించారో అందులో ఉంటుంది.

చూడటం అయ్యాక పడుకుందామంటే నిద్ర పట్టలేదు. బయట మైనస్ ఇరవై నాలుగు. కిటికీ కింద గోడ వెంట పొడుగ్గా ఉండే కరెంటు హీటరు టిక్ టిక్‌మంటూ వేడెక్కుతోంది. ఇక్కడ ఎక్కువ ఇళ్లకు కరెంటుతోనే వేడి. కరెంటు బిల్లు అని ఎవరూ అనరు, 'హైడ్రో బిల్లు' అంటారు. ఆరేళ్లుగా నేనూ అదే మాట అంటున్నాను, నెలనెలా కడుతున్నాను, కానీ ఆ నీళ్లు ఏ నదివి, ఆ నది ఒడ్డున ఎవరుండేవాళ్లు అని ఒక్కసారి కూడా తట్టలేదు. గోదారి ఒడ్డున పుట్టి పెరిగిన దాన్ని, నాకే తట్టలేదంటే బాధేసింది.

ఆ తర్వాత రెండు రోజులు కూర్చుని చదివాను. 1971 ఏప్రిల్ 30న క్యుబెక్ ప్రీమియర్ రాబర్ట్ బురాసా (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) జేమ్స్ బే జలవిద్యుత్ ప్రాజెక్టును 'శతాబ్దపు ప్రాజెక్టు' అని ప్రకటించాడు. ఆ నేల మీద తరతరాలుగా వేటాడుకుని బతుకుతున్న క్రీలకు ముందుగా ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు, రేడియోలో, పేపర్లో చూసి తెలుసుకున్నారు. అప్పటికి వాళ్లంతా కలిపి ఐదారు వేల మంది. కోర్టుకెళ్లారు. 1973 నవంబరు 15న జడ్జి ఆల్బర్ట్ మలూఫ్ పనులు ఆపమని తీర్పిచ్చాడు. సరిగ్గా వారానికి పై కోర్టు దాన్ని పక్కన పెట్టేసింది, బుల్‌డోజర్లు మళ్లీ కదిలాయి. చివరికి 1975 నవంబరు 11న ఒప్పందం. క్రీలకూ, ఇంకా ఉత్తరాన ఉండే మరో ఆదివాసీ జాతి ఇనూయిట్లకూ కలిపి 22.5 కోట్ల డాలర్లు, కొంత భూమి, కొన్ని హక్కులు. దానికి బదులు ఆ నేల మీద తమకున్న మూల హక్కులను వదులుకుంటున్నట్టు రాసిచ్చారు. లా గ్రాండ్ నది మీద డ్యాములు లేచాయి.

డాక్యుమెంటరీ ఆ తర్వాతి యుద్ధం గురించి. అందులో గెలిచారు. కానీ నా మనసంతా 1975 దగ్గరే ఆగిపోయింది. సంతకం పెట్టకుండా ఉండాల్సిందా? పైగా 1994లో గ్రేట్ వేల్‌ను కాపాడుకున్నవాళ్లే 2002లో రూపర్ట్ నదిని మళ్లించడానికి ఒప్పుకున్నారని చదివి అసలేమీ అర్థం కాలేదు. ఆ ప్రాంతం తెలిసినవాళ్లు, కరెంటు సంగతులు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

---

ఉత్తరాన_నర్సు:

అమ్మా, నేను చిసాసిబిలో రెండున్నరేళ్లు నర్సుగా చేశాను. లా గ్రాండ్ నది జేమ్స్ బేలో కలిసే చోట ఉన్న క్రీ ఊరు అది. ఇప్పుడు ఆటవాలో ఉంటున్నాను. నాకు తెలిసింది రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు ఆ దారి గురించి. మాంట్రియల్ నుంచి పద్నాలుగు వందల కిలోమీటర్లు ఉంటుంది. మాటగామీ అనే ఊరు దాటాక ఆరు వందల కిలోమీటర్ల పైన రోడ్డు, దాని మీద పెట్రోలు బంకు ఒక్కటే, 381వ కిలోమీటరు దగ్గర. ఆ రోడ్డు క్రీల కోసం వేసింది కాదు, డ్యాములకు సిమెంటూ యంత్రాలూ మోయడానికి వేసింది. ఇప్పుడు దానికి బిల్లీ డైమండ్ పేరు పెట్టారు. 1971లో డ్యాములకు ఎదురు నిలిచిన కుర్రాడు ఆయనే, అప్పటికి ఇరవై రెండేళ్లు. తర్వాత క్రీలందరికీ మొదటి గ్రాండ్ చీఫ్ అయ్యాడు. 1975 ఒప్పందం మీద సంతకం పెట్టిందీ ఆయనే. నువ్వడిగిన ప్రశ్న మొత్తం ఆ ఒక్క మనిషి జీవితంలోనే ఉంది.

చిసాసిబి పాత ఊరు కాదు. అసలు ఊరు నది నోట్లో ఉన్న ఫోర్ట్ జార్జ్ దీవి. పైన డ్యాములు కడితే నీటి ఉరవడి పెరిగి దీవి అంచులు కోసుకుపోతాయని భయపడి 1980, 81ల్లో ఊరిని ఒడ్డుకు మార్చారు. కొన్ని ఇళ్లను ఉన్నవి ఉన్నట్టే లేపి తరలించారు. సమాధులు మాత్రం అక్కడే ఉండిపోయాయి. ప్రతి జూలైలో ఊరు ఊరంతా పడవల మీద దీవికి వెళ్లి గుడారాలు వేసుకుని ఉంటారు, ఆ కలయికను మామోవీడో అంటారు. నేను రెండుసార్లు వెళ్లాను. టీపీ (వాళ్ల గుడారం) లోపల నేల మీద పచ్చి స్ప్రూస్ కొమ్మలు ఒత్తుగా పరుస్తారు, అడుగు పెట్టగానే ఆ వాసన ముక్కుకు తగులుతుంది. మధ్యలో నిప్పు. పైనుంచి తాడుకు అడవి బాతును వేలాడదీసి, తాడును ఒకసారి మెలిపెట్టి వదులుతారు, అది అటూ ఇటూ తిరుగుతూ కాలుతుంది, కారే కొవ్వును కింద గిన్నెలో పడతారు. పక్కన కూర్చున్న పెద్దావిడ మాటల మధ్యలో కూడా తాడు మీద చెయ్యి తియ్యలేదు. వసంతంలో బాతుల వేటకు స్కూళ్లకు రెండు వారాలు సెలవు, గూస్ బ్రేక్ అంటారు. మన సంక్రాంతి సెలవుల్లాగా ఊరు ఖాళీ అయిపోతుంది.

ఇప్పుడు నా ఉద్యోగంలో చూసింది. పాదరసం. అడవిని నరక్కుండా, మట్టి తియ్యకుండా నీళ్లు నింపేస్తే మునిగిన చెట్టూ చేమా కుళ్లుతుంది. అప్పుడు అక్కడి సూక్ష్మజీవులు మట్టిలో ఎప్పట్నుంచో ఉన్న పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది చిన్న చేపలోకి, దాన్ని తిన్న పెద్ద చేపలోకి, దాన్ని తిన్న మనిషిలోకి వెళ్తుంది, ఎక్కే కొద్దీ చిక్కనవుతుంది. వండితే పోదు. మనిషిలో ఎంతుందో చూడాలంటే వెంట్రుకలు తీసి పంపిస్తారు. 1984లో చిసాసిబిలో పరీక్షలు చేస్తే దాదాపు మూడింట రెండొంతుల మందిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకు మించి ఉంది. చేప తినొద్దన్నారు. తాత ముత్తాతల నుంచి చేప తినే మనుషులకు చేప మాన్పించి, కొట్లో దొరికే డబ్బా తిండి అలవాటు చేస్తే ఏమవుతుంది? షుగరు. నా డ్యూటీలో సగం టైము షుగరు పేషెంట్లతోనే గడిచేది. రిజర్వాయరు నింపాక ఇరవై, ముప్ఫై ఏళ్లకు చేపల్లో పాదరసం మళ్లీ తగ్గుతుంది, ఇప్పుడు చాలావరకు తగ్గింది కూడా. కానీ ఒక తరం చేప అంటే భయపడుతూ పెరిగింది, వల వెయ్యడం నేర్చుకోలేదు. దానికి ఏ ల్యాబ్‌లోనూ పరీక్ష లేదు.

ఇంకొకటి నీ హీటరు గురించి. తప్పు పట్టడానికి కాదమ్మా, నా ఇంట్లోనూ అదే ఉండేది. క్యుబెక్‌లో కరెంటు ఎక్కువ కావల్సింది చలికాలంలో. మామూలుగా నది మంచు కరిగే మే, జూన్‌లలో పొంగుతుంది, జనవరిలో సన్నగా మంచు కింద పారుతుంది. డ్యాము దాన్ని తలకిందులు చేసింది. వసంతపు నీళ్లను పట్టి ఉంచి, జనవరి ఫిబ్రవరిల్లో మనం హీటర్లు పెంచినప్పుడు వదులుతారు. చలికాలంలో లా గ్రాండ్ ఒకప్పటి కంటే ఎన్నో రెట్లు పారుతుంది. స్నోమొబైల్ మీద ఎప్పుడూ దాటే చోట మంచు ఇప్పుడు నమ్మదగ్గది కాదు. తీరంలో సముద్రంలో పెరిగే ఈల్‌గడ్డి బాతులకు తిండి, 1990ల చివర్లో అది బాగా తగ్గిపోయింది. చలికాలంలో నది మోసుకొచ్చే ఆ మంచినీటి వల్లేనని వేటగాళ్లు చెబుతారు. బాతులు దారి మార్చుకున్నాయని కూడా చెబుతారు.

సంతకం ఓటమా అంటే, వాళ్లలో వాళ్లకే ఒక మాట లేదు. ఒకే ఇంట్లో తల్లి ఒక మాట, కొడుకు ఒక మాట అనడం విన్నాను. నా మటుకు నాకు అది ఓటమి కాదు. నేను పని చేసిన ఆసుపత్రి క్రీ హెల్త్ బోర్డుది, పిల్లలు చదివేది క్రీ స్కూల్ బోర్డు బళ్లలో, నేనున్నప్పుడు చిన్న క్లాసుల్లో క్రీ భాషలోనే చెప్పేవాళ్లు. అవన్నీ ఆ కాగితంలోంచి వచ్చినవే.

---

లోడ్‌డిస్పాచ్:

నర్సు గారు చాలా బాగా రాశారు. నేను ముప్ఫై ఏళ్లు కరెంటు శాఖలో, అందులో ఎక్కువ భాగం లోడ్ డిస్పాచ్‌లో (ఏ ప్లాంటు ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలో చూసే విభాగం) చేసి రిటైర్ అయ్యాను, నాకు ఆ ఊళ్లు తెలియవు కానీ ఈ కథలో కరెంటు వైపు ఏం జరిగిందో ఆసక్తిగా చదివాను, అది రాస్తాను.

గ్రేట్ వేల్ ఆగింది నది దగ్గర కాదు, కొనేవాడి దగ్గర. మూడు వేల మెగావాట్ల పైన ప్లాంటు, వందల కోట్ల డాలర్ల ఖర్చు. అంత కరెంటు క్యుబెక్‌కు అప్పటికప్పుడు అవసరం లేదు, చాలా భాగం అమెరికాకు అమ్మాలి. అలాంటి ప్రాజెక్టుకు అప్పు పుట్టాలంటే ముందే కొంటామని రాసిచ్చిన పెద్ద కస్టమరు ఉండాలి. ఆ కస్టమరు న్యూయార్క్ పవర్ అథారిటీ. వెయ్యి మెగావాట్లు, దాదాపు ఇరవై ఏళ్లకు, మొత్తం 1,700 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. క్రీలు సరిగ్గా ఆ కీలు మీద కొట్టారు.

ఓడియాక్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? గ్రేట్ వేల్ నది హడ్సన్ బేలో కలిసే చోట క్రీల ఊరు వాప్‌మగూస్టుయ్, దానికి ఆనుకునే ఇనూయిట్ల ఊరు కూజువారాపిక్. రెండు జాతులూ కలిసి సగం క్రీల కనూ, సగం ఇనూయిట్ల కయాక్‌గా ఒక పడవ చేశారు, అదే ఓడియాక్, పేరు కూడా రెండు భాషల మాటలు కలిపి పెట్టారు. 1990 వసంతంలో దాన్ని ఆటవా మీదుగా తీసుకొచ్చి, చాంప్లెయిన్ సరస్సు, హడ్సన్ నది వెంట తెడ్లు వేసుకుంటూ, ఊరూరా ఆగి మాట్లాడుతూ, ఏప్రిల్ 22 ఎర్త్ డే నాటికి న్యూయార్క్ చేరారు. న్యూయార్క్‌లో బల్బు వెలిగించే మామూలు మనిషికి అప్పటిదాకా ఆ నది పేరే తెలియదు. గ్రాండ్ చీఫ్ మాథ్యూ కూన్ కమ్ తర్వాత కాలేజీలు, అసెంబ్లీలు తిరుగుతూనే ఉన్నాడు. 1992 మార్చిలో న్యూయార్క్ కాంట్రాక్టు రద్దు చేసుకుంది.

నిజం చెప్పాలంటే జాలితో మాత్రమే రద్దు చేసుకోలేదు. డిమాండు అంచనాలు పడిపోయాయి, కరెంటు ఆదా చెయ్యడం కొనడం కంటే చౌక అని లెక్క తేలింది. అయినా క్రీల గొప్పతనం అందులో తగ్గదు. వాళ్లు గోల చెయ్యకపోతే ఆ లెక్క మళ్లీ వేసేవాళ్లే కాదు. ఒకసారి సంతకమైన కాంట్రాక్టును మళ్లీ తెరిపించడం ఎంత కష్టమో మా శాఖలో చేసినవాళ్లందరికీ తెలుసు.

గోదారిగాలి గారూ, మీ అసలు ప్రశ్నకు నా జవాబు ఇక్కడుంది. 1991లో ఫెడరల్ కోర్టు గ్రేట్ వేల్‌కు కేంద్రం తరఫున పూర్తి పర్యావరణ సమీక్ష జరగాల్సిందేనని తీర్పిచ్చింది. దేని ఆధారంగా? 1975 ఒప్పందంలో రాసుకున్న పర్యావరణ నిబంధనల ఆధారంగా. ఆ సమీక్ష వల్లే ఏళ్లు గడిచాయి. హైడ్రో-క్యుబెక్ వేల పేజీల రిపోర్టు ఇస్తే 1994 నవంబరులో సమీక్షకులు ఇది చాలదన్నారు, ఆ వెంటనే నవంబరు 18న కొత్త ప్రీమియర్ జాక్ పారిజో ప్రాజెక్టు పక్కన పెడుతున్నట్టు చెప్పాడు. అంటే మీరు ఓటమి అంటున్న కాగితమే పంతొమ్మిదేళ్ల తర్వాత ఇంకో నదిని కాపాడింది. లాయర్ల ఫీజులకు, న్యూయార్క్ ప్రయాణాలకు డబ్బు కూడా ఆ పరిహారం లోంచే కదా.

ఒక మాట మాత్రం నేను గట్టిగానే అంటాను. జలవిద్యుత్తు మొత్తం చెడ్డదనే వాదనతో నేను ఏకీభవించను. బొగ్గు ప్లాంట్ల బూడిద చెరువుల పక్కన బతికే ఊళ్లు చూసినవాణ్ని. క్యుబెక్ బొగ్గు జోలికి పోకుండా బతుకుతోందంటే ఆ నదుల పుణ్యమే.

---

ఇప్పపూలు:

లోడ్‌డిస్పాచ్ గారూ, నదుల పుణ్యం అన్నారు. ఆ నదులు ఊరికే వచ్చినవి కాదు కదండీ, ఎవరో ఒకరు పోగొట్టుకుంటే వచ్చినవి. కోపంగా రాయట్లేదు, మీ మీద గౌరవం ఉంది, కానీ ఆ మాట దగ్గర ఆగిపోయాను.

మాది పోలవరం ముంపు మండలం. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిపిన ఏడు మండలాల్లో ఒకటి. నేను కోయ కుటుంబంలో పుట్టాను, బడిలో పాఠాలు చెబుతాను. క్యుబెక్ ఎక్కడుందో మ్యాపులో వెతుక్కున్నాను ఇది చదివాక. పోలవరం ముఖ్యంగా సాగునీటి ప్రాజెక్టు, కరెంటు 960 మెగావాట్లు, దేశమూ చట్టమూ వేరు, అవన్నీ తెలుసు. రెండూ ఒకటే అనడం లేదు. ఈ దారం చదువుతూ ఒక్క దగ్గర మాత్రం కళ్లు చెమర్చాయి, అది మాత్రం చెబుతాను.

1975 ఒప్పందం గురించి నేనూ వెతికి చదివాను. అందులో వేటాడి బతికే కుటుంబాలకు ఆదాయ భద్రత పథకం ఒకటి ఉంది. ఏడాదిలో కనీసం 120 రోజులు వేటలో, వలల దగ్గర గడిపే కుటుంబానికి రోజుకు ఇంత అని డబ్బు. అంటే 'నువ్వు అడవి మానెయ్, నీకు డబ్బిస్తాం' అనలేదు, 'నువ్వు అడవిలోనే ఉండు, దానికి డబ్బిస్తాం' అన్నారు. వినడానికి చిన్నగా ఉంటుంది. మా వాళ్లకు కాలనీలు కట్టారు, స్లాబు ఇల్లు, సిమెంటు రోడ్డు, కుళాయి. బాగానే ఉన్నాయి, లేవని అనను. కానీ మార్చి, ఏప్రిల్ నెలల్లో మా అమ్మ తెల్లారకముందే లేచి కూర్చుంటుంది. పాత ఊళ్లో ఆ టైముకు బుట్ట చంకన పెట్టుకుని ఇప్పచెట్టు కిందకు వెళ్లేది, రాత్రంతా రాలిన పూలు మంచుకు తడిసి బరువుగా ఉంటాయి, పశువులు రాకముందే ఏరాలి. కాలనీలో ఇప్పచెట్టు లేదు. జీలుగు లేదు, తునికాకు లేదు, వెదురు కొమ్ములు లేవు. అమ్మకు ప్యాకేజీ డబ్బు వచ్చింది. తెల్లారగట్ల ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ పథకం రాసిన మనిషెవరో గానీ, అడవి అంటే ఆస్తి కాదు, రోజూ చేసే పని అని అర్థమైన మనిషి. అదొక్కటీ మా ప్యాకేజీలో ఉండుంటే అనిపించింది.

ఇంకొకటి మలూఫ్ కోర్టు. వేటగాళ్లు క్రీ భాషలోనే సాక్ష్యం చెప్పారట, అనువాదకులను పెట్టారట. ఒక వేటగాణ్ని నిజమే చెబుతానని ప్రమాణం చెయ్యమంటే, నిజం చెబుతానని మాటివ్వలేను, నాకు తెలిసింది చెప్పగలను అన్నాడని చెప్పుకుంటారు. మా ఊరి గ్రామసభ రోజున నేను అక్కడున్నాను. కాగితాలన్నీ ఆఫీసు తెలుగులో ఉన్నాయి, మా తాత కోయలో అడిగిన ప్రశ్నను రాసుకున్నవాళ్లు లేరు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు మా పాత ఇంట్లో నీళ్లు చూరు దాకా వచ్చాయి. ఆ రోజు కొండ మీద టార్పాలిన్ కింద కూర్చుని తాత మళ్లీ అదే ప్రశ్న అడిగాడు.

సంతకం పెట్టాలా వద్దా అని అడిగారు గోదారిగాలి గారు. పెట్టినా పెట్టకపోయినా నీళ్లొచ్చేవే అని తెలిసినప్పుడు మనిషి ఏం చేస్తాడు? పిల్లలకు ఏది దక్కితే అది రాయించుకుంటాడు. బిల్లీ డైమండ్‌ను నేను తప్పు పట్టలేను. పనులు ఆపమన్న తీర్పు వారానికే పోయింది, కోర్టులో కేసు ఉండగానే డ్యాము లేస్తోంది. అలాంటి పరిస్థితిలో కూర్చుని స్కూలు, ఆసుపత్రి, వేట, పర్యావరణ సమీక్ష అని ఒక్కొక్కటి పట్టుబట్టి రాయించుకున్నాడంటే అది లొంగిపోవడం ఎలా అవుతుంది?

కానీ సంతకం పెట్టనివాళ్లనూ మరిచిపోకూడదు. పువిర్నిటుక్, ఇవుజివిక్ అనే ఊళ్ల ఇనూయిట్లు ఆ ఒప్పందానికి ఒప్పుకోలేదు. మా హక్కును వదులుకున్నట్టు రాయలేమన్నారు. వాళ్లూ కరెక్టే.

---

గోదారిగాలి:

ఇప్పపూలు గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. మా అమ్మమ్మ వాళ్లది రాజమండ్రి, చిన్నప్పుడు పాపికొండల లాంచీ ఎక్కి ఒడ్డున ఊళ్లను చూసి చేతులూపేవాళ్లం. అటువైపు నుంచి చేతులూపిన పిల్లల్లో మీ ఊరి పిల్లలు కూడా ఉండే ఉంటారు.

లోడ్‌డిస్పాచ్ గారూ, 1975 కాగితమే 1991లో పనికొచ్చిందన్నది నాకు నిజంగా కొత్త విషయం, ఇప్పుడు దాన్ని వేరేగా చూస్తున్నాను. కానీ మరి రూపర్ట్? అంత గెలిచాక అదెందుకు ఇచ్చారు?

---

ఉత్తరాన_నర్సు:

రూపర్ట్ గురించి మాట్లాడితే ఇప్పటికీ అక్కడ గొంతులు మారతాయి. 2002 ఫిబ్రవరి 7న వాస్కగానిష్‌లో ప్రీమియర్ బెర్నార్ లాండ్రీ, గ్రాండ్ చీఫ్ టెడ్ మోజెస్ సంతకాలు పెట్టారు. దాన్ని పై దే బ్రావ్ అంటారు, వీరుల శాంతి అని అర్థం. క్యుబెక్ యాభై ఏళ్లలో 350 కోట్ల డాలర్లు ఇవ్వాలి, అడవుల నరికివేతలో క్రీల మాట వినాలి. క్రీలు తమ దావాలు వెనక్కి తీసుకుని, ఈస్ట్‌మెయిన్, రూపర్ట్ నదుల ప్రాజెక్టుకు ఒప్పుకోవాలి.

ఎందుకిచ్చారంటే, నాకు అర్థమైనది చెబుతాను. 1975 ఒప్పందంలో రాసినవి క్యుబెక్, కెనడా సరిగ్గా అమలు చెయ్యలేదు. పాతికేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. ఈలోపు జనాభా పెరిగింది, ఒక్కో ఇంట్లో మూడు కుటుంబాలు, కుర్రాళ్లకు పని లేదు. రూపర్ట్‌ను వదిలితే అంతకంటే ఎన్నో రెట్లు ముంచే పాత ఎన్‌బీఆర్ ప్రాజెక్టు (నోటవే, బ్రాడ్‌బ్యాక్, రూపర్ట్, మూడు నదుల మీద కట్టాలనుకున్నది) శాశ్వతంగా పోతుంది. ఒక నదిని ఇచ్చి రెండు నదులు నిలుపుకున్నారని నాయకులన్నారు. ఓటింగు పెడితే ఎక్కువ మంది ఒప్పుకున్నారు. కానీ నది పక్కనున్న నెమస్కా, వాస్కగానిష్, కింద నీళ్లన్నీ చేరే చిసాసిబి, ఆ మూడు ఊళ్ల చీఫ్‌లు తర్వాత గట్టిగా వ్యతిరేకించారు. 2009 నవంబరులో రూపర్ట్ నీళ్లలో ఎక్కువ భాగాన్ని ఉత్తరానికి మళ్లించారు.

నెమస్కా వాళ్ల కథ వింటే నీకు నిద్ర పట్టదు. ఎన్‌బీఆర్ కింద తమ ఊరు మునుగుతుందని నమ్మి 1970లోనే పాత ఊరు వదిలి చెల్లాచెదురైపోయారు. తీరా అది కట్టనే లేదు. కొన్నేళ్లకు మళ్లీ కూడి కొత్త చోట ఊరు కట్టుకున్నారు. ఇంతా అయ్యాక వాళ్ల నదే వెళ్లిపోయింది. ఈ ఊరి మనిషిని పట్టుకుని ఒప్పందం గెలుపా ఓటమా అని నేనైతే అడగలేను.

ఇప్పపూలు గారూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. చిసాసిబిలో పెద్దవాళ్లు కూడా చలికాలంలో ఊళ్లో ఉన్నప్పుడు తెల్లారకముందే లేచి కూర్చునేవాళ్లు, వలలు చూసుకునే టైము అది. మీరు రాసేదాకా నేను దాన్ని నిద్రలేమి అనుకుని చార్టులో రాసేదాన్ని.

---

లోడ్‌డిస్పాచ్:

ఇప్పపూలు గారూ, 'పుణ్యం' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరు పోగొట్టుకున్నారో చెప్పకుండా ఆ మాట వాడకూడదు. మా శాఖలో మెగావాట్లు లెక్క వేస్తాం, ఒక్కో ప్లాంటుకు ఎన్ని ఊళ్లు పోయాయో ఆ కాగితం మా టేబుల్ మీదకు ఎప్పుడూ రాలేదు.

గోదారిగాలి గారికి ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. న్యూయార్క్ ఇప్పుడు మళ్లీ క్యుబెక్ కరెంటు వైపు తిరిగింది. చాంప్లెయిన్ హడ్సన్ పవర్ ఎక్స్‌ప్రెస్ అని 1,250 మెగావాట్ల లైను, 2022 చివర్లో పని మొదలుపెట్టారు. టవర్ల మీద కాదు, నీటి అడుగునా నేల కిందా కేబుల్. చాంప్లెయిన్ సరస్సు అడుగున, తర్వాత హడ్సన్ నది అడుగున, న్యూయార్క్ నగరం దాకా. 1990లో ఓడియాక్ వచ్చిన దారే. క్యుబెక్ వైపు లైనులో కానవాకే మోహాక్‌లకు (మాంట్రియల్ పక్కనుండే ఆదివాసీలు) వాటా ఇచ్చారు, ఇది పాత రోజుల్లో ఊహించలేని సంగతి. కానీ తమ నదుల మీద డ్యాములు కట్టినప్పుడు ఎవరూ అడగలేదని, ఆ లెక్క తేలకుండా ఎగుమతులు ఏంటని పెసామిట్ ఇన్నూలు (క్యుబెక్‌లోని మరో ఆదివాసీ జాతి) అడుగుతూ వచ్చారు. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో మనవాళ్లు ఎంతమందో ఉన్నారు, ఈ దారం చదివేవాళ్లలోనూ ఉంటారు. న్యూయార్క్‌లో స్విచ్చి వేసేవాళ్లకు ఆ పడవ సంగతి తెలియాలని రాశాను.

---

గోదారిగాలి:

అందరికీ చాలా థ్యాంక్స్. నర్సు గారూ, మామోవీడోకు బయటివాళ్లు రావచ్చా, లేక ఎవరైనా పిలిస్తేనే వెళ్లాలా? జూలైలో నాకు రెండు వారాల సెలవుంది. 381 దగ్గర పెట్రోలు రాత్రి కూడా దొరుకుతుందా?

---

ఉత్తరాన_నర్సు:

నాకు తెలిసినవాళ్లు ఊళ్లో ఉన్నారు, అడిగి చెబుతాను, పిలుపుతో వెళ్లడమే మర్యాద. పెట్రోలు మాటగామీలోనే ఫుల్ చేయించుకుని, 381 కనబడగానే ఎంత ఉన్నా మళ్లీ నింపించుకో. దోమలకు తలకు వేసుకునే వల తీసుకెళ్లు. వెళ్లేటప్పుడు టీ పొడి, పిండి, పంచదార పట్టుకెళ్లు, పెద్దవాళ్లు సంతోషిస్తారు.